అంతోని తాతకు టికెట్ లేదు

నాకు మీసాలు మొలిచేదాకా పునీత అంతోని వారు మా సొంత తాత అనుకున్నాను. ఇది ముందే ఒప్పుకుంటే మంచిది. తర్వాత జరిగిన రచ్చకంతా మూలం నా తెలివే. తెలివి అనడం కూడా నాకు నేను చేసుకుంటున్న మర్యాద. మొన్నామధ్య మడికొండలో మా సామ్యేలు మామ కన్నుమూశాడు. అమ్మకు సొంత తమ్ముడు, రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఇంటి ముందు వేసిన టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటే, డోర్నకల్ నుంచి వచ్చిన ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూసి పక్కాయనతో, "గీయన ఎవలనుకున్నవ్, కాజీపేట బొక్కోడు," అన్నాడు. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి, జుట్టంతా అక్కడే రాలగొట్టుకుని, పింఛను పుచ్చుకుంటున్న మనిషిని. ఎన్ని డిగ్రీలు తెచ్చుకున్నా డోర్నకల్ లెక్కలో నాకున్న బిరుదు ఆ ఒక్కటే. ఆ బిరుదిచ్చిన మామ లోపల పెట్టెలో పడుకుని ఉన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. చావింట్లో నవ్వకూడదు కాబట్టి దస్తీ అడ్డం పెట్టుకున్నాను. చూసినవాళ్లు ఏడుస్తున్నాననుకున్నారు. కొంత అదీ నిజమే.

మా దిక్కు బొక్క అంటే ఎముక. నాతో పనిచేసిన గుంటూరు మిత్రుడొకడు మాత్రం బొక్క అంటే చిల్లు అనుకుని, నా జేబుకు చిల్లుందని ఏళ్ల తరబడి జాలిపడ్డాడు. నేను సరిదిద్దలేదు. ఆయన పొరపాటున సరిగ్గానే అనుకున్నాడు.

మాది కాజీపేటలో రైల్వే క్వార్టరు. బాపు లోకో షెడ్డులో ఫిట్టరు. ముందు గది, నడిమి గది, వెనక వంటిల్లు, అంతే ఇల్లు. నడిమి గది గోడలో ఒక గూడు, గూటికి నాయనమ్మ పాత చీర చింపి కుట్టిన నీలం తెర. తెర వెనక మరియమ్మ చిన్న బొమ్మ, కొవ్వొత్తి, ఒక రేకు డబ్బా. ఆ డబ్బాలో తెల్లగుడ్డ మడతల మధ్య రూపాయి బిళ్లంత ఇత్తడి డబ్బీ, దానికి అద్దం మూత. అద్దం కింద ఎర్ర పట్టుగుడ్డ మీద బియ్యపు నూకంత ఎముక ముక్క. దాని కింద చీమ తలకాయలంత అక్షరాలతో ఏదో రాసిన కాగితపు పీలిక. వెనకవైపు ఎర్ర దారం, దాని మీద లక్క ముద్ర. చర్చిలో దీన్ని పునీతుల అవశేషం అంటారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడేవారు కాదు. అవశేషం అంటే ఏదో మిగిలిపోయింది అని కదా. మా నాయనమ్మ దృష్టిలో ఆయన మిగలడం కాదు, నిండుగా ఉన్నాడు. ఆమె "పెద్దాయన" అనేది. మేమూ అదే అన్నాం.

అది మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా తాత ఉపదేశి. రఘునాథపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు జపాలు నేర్పడం, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి సామిని తీసుకుపోవడం ఆయన పని. సామి అంటే ఇటలీ నుంచి వచ్చిన గురువు. ఎండకు టమాటా పండులా అయిపోయేవాడట. తెలుగు మా తాత దగ్గర నేర్చుకున్నందువల్ల ఊరివాళ్ల కంటే పచ్చిగా మాట్లాడేవాడట. గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడు ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. సామి తన మెడలో వేసుకునే ఈ డబ్బీని పడకలో ఉన్నవాళ్ల నొసటికి ఆనించేవాడు, తాత వాళ్ల కింది గుడ్డలు తీసి కాల్చేవాడు. ఎవరి పని గొప్పదో నాయనమ్మ ఎన్నడూ చెప్పలేదు గానీ, గుడ్డల సంగతి వచ్చినప్పుడు ఆమె గొంతు ఒక మెట్టు ఎక్కేది. సామి ఆరోగ్యం చెడి తన దేశానికి వెళ్లిపోతూ, రైలెక్కే ముందు డబ్బీ తీసి తాత చేతిలో పెట్టాడు. దాంతోపాటు లాటిన్‌లో ఒక కాగితం కూడా ఇచ్చాడు, ఇది పదువాపురి అంతోని వారి ఎముకే అని. ఆ కాగితం ఒక వానాకాలం క్వార్టరు కప్పు కారి తడిసింది. నాయనమ్మ దాన్ని దండెం మీద ఆరేస్తే పక్క క్వార్టరు మేక తినేసింది. లాటిన్ ఒంటబట్టిన మేక వరంగల్ మొత్తానికి అదొక్కటే అయి ఉంటుంది.

తాత నేను పుట్టక ముందే పోయాడు. ఆయన ఫొటో గూటి పక్కనే ఉండేది. పండగలకు గూటికొక దండ, ఫొటోకొక దండ, రెండూ ఒకే మూర నుంచి తెంపినవి. దానికితోడు నాయనమ్మ గూటి వైపు తిరిగి మాట్లాడే తీరు దేవుడితో మాట్లాడినట్టు ఉండేది కాదు, ఇంట్లో మగమనిషిని అడిగినట్టు ఉండేది. బియ్యం నిండుకుంటే చెప్పేది. బాపుకు జ్వరమొస్తే నిలదీసేది. అంతోని వారు పోయిన వస్తువులు వెతికిపెట్టే పునీతుడని మా వాళ్ల నమ్మకం కాబట్టి, కండ్లద్దాలు కనబడకపోతే "యాడ వెట్టినవయ్యా, దొరికినంక మాట్లాడుత నీతోని," అని తెర మూసేసేది. అద్దాలు ఆమె కొప్పులోనే దొరికేవి. ఒక ముసలావిడ ఒక ముసలాయన్ని ఇలా గద్దించడం చూసిన పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? ఆయన మా తాత అనే కదా. పక్క క్వార్టరు రాజవ్వ మొదట్లో, ఇంట్లో బొక్క పెట్టుకుంటారా, మైల కాదా అని ముక్కున వేలేసుకుంది. ఒకరోజు ఆమె ముక్కుపుల్ల పోయింది, నాయనమ్మ గూటికి చెప్పాక బొగ్గుల కుప్పలో దొరికింది. ఆ వేలు ముక్కు మీంచి దిగిపోయి, మంగళవారాలు అందరికంటే ముందు మా గడపలో ఆమే ఉండేది.

మంగళవారం అంతోని వారి రోజు. ఆ సాయంత్రం వాసన నాకు ఇప్పటికీ తెలుసు. బాపు షెడ్డు నుంచి వచ్చి మొదట కిరోసిన్ గుడ్డతో, తర్వాత నిమ్మచెక్కతో, ఆఖరికి సబ్బుతో చేతులు రుద్దుకునేవాడు. గోళ్ల సందుల్లో మసి మాత్రం పోయేది కాదు. నాయనమ్మ ఆ చేతులు చూసి, పెద్దాయనకు పని చేసే చేతులంటే ఇష్టమని ఆయనను లోపలికి రానిచ్చేది. నాఫ్తలీన్ ఉండలు, కరిగే మైనం, పొద్దుటి అన్నం గంజి, బేకరీ నుంచి తెచ్చిన బన్ను రొట్టెలు. జపాలయ్యాక డబ్బీ బయటికి వచ్చేది. మామూలుగా మా ఇంట్లో ఏదైనా పెద్దవాళ్లకు ముందు, ఇది మాత్రం చిన్నవాళ్లకు ముందు. ఎందుకని అడిగితే, పిల్లలు ఆకలికి ఆగరు, రొట్టెల మీద ఉంటది సూపు, అనేది. నేను ముద్దు పెట్టుకోవాలి, నాయనమ్మ గుడ్డతో అద్దం తుడవాలి, అక్క, మళ్లీ తుడుపు, అమ్మ, తుడుపు, బాపు, తుడుపు. చివర తను. తన తర్వాత తుడిచేది కాదు. ఇత్తడి అంచు పెదవికి చల్లగా, కొంచెం పుల్లగా తగిలేది. తర్వాత రొట్టెలు మాకొకటి, ఇరుగుపొరుగుకొకటి.

ఇప్పుడు మామ దగ్గరికి రావాలి. అమ్మది డోర్నకల్. వాళ్లదీ క్రైస్తవ కుటుంబమే, చర్చి వేరు, అందులో బొమ్మలూ పునీతులూ ఉండరు. బయటివాళ్లకు మా మధ్య తేడా ఏమిటో తెలియదు, మాకు ఆ తేడా తప్ప ఇంకేమీ తెలియదు. అమ్మ బాపును ఇష్టపడి చేసుకుంది. బొమ్మలకు మొక్కేవాళ్ల ఇంటికి పిల్లనిచ్చేది లేదని వాళ్ల నాన్న భీష్మించుకున్నాడు, పెళ్లికి ఆ ఇంటి నుంచి ఒక్క మనిషి రాలేదు. అక్క పుట్టి, కోపం పాతబడ్డాక, తమ్ముడు సామ్యేలు ఒక్కడు రావడం మొదలుపెట్టాడు. మామ మంచివాడు. అది చెప్పకపోతే కథ నా వైపు వంగిపోతుంది. నల్లకోటు జేబుల్లో మాకు బత్తాయిలు పట్టుకొచ్చేవాడు, బాపుకు యాక్సిడెంట్ అయినప్పుడు రైల్వే దవాఖానలో కుర్చీ మీదే నిద్రపోయాడు. కానీ ముందు గది దాటి నడిమి గదిలో అడుగు పెట్టేవాడు కాదు. చాయ్ ముందు గదిలోనే. నీళ్లు ముందు గదిలోనే. గూడు కనబడకుండా కుర్చీని గోడ వైపు తిప్పుకుని మరీ కూర్చునేవాడు.

ఒక క్రిస్మస్ వారంలో డ్యూటీ మధ్య దిగి వచ్చాడు. నన్ను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, వంటింట్లో ఉన్న అమ్మకు వినబడేలా అడిగాడు.

"అల్లుడా, లోపట ఆ బొక్క ఎవరిదిరా?"

"మా తాతది," అన్నాను, గర్వంగానే.

మామ చాయ్ కోటు మీద ఒలికింది. "మీ తాతను బొంద వెట్టిన్రు గదరా. గా ఒక్క బొక్క వాపస్ ఎట్లొచ్చింది?"

నేను బాగా ఆలోచించి, "సామి ఇచ్చిండు," అన్నాను.

నేను చెప్పిన రెండు ముక్కలూ విడివిడిగా మా ఇంటి చరిత్రే. కలిపి చెబితే మాత్రం ఇటలీ సామి మా తాతను తవ్వి తీసినట్టు ఉంది. సాయంత్రం బండి డోర్నకల్ చేరేసరికి ఈ వార్త కూడా చేరింది. కాజీపేటలో సామ్యేలు అక్క అత్తగారు మొగుని బొక్కను డబ్బాలో పెట్టుకుని మంగళవారం మంగళవారం ముద్దు పెట్టుకుంటుందట. ఆ తర్వాత ఏ పెళ్లికి పోయినా, ఏ సమాధి తోటకు పోయినా నేను బొక్కోణ్ని. అమ్మ ఆ పేరు విన్నప్పుడల్లా కొంగు నోట్లో పెట్టుకుని పని ఉన్నట్టు లేచిపోయేది. నాకు పేరొచ్చినందుకు సంతోషంగా ఉండేది. చెప్పాను కదా, తెలివి.

మామ అప్పటి నుంచి వచ్చినప్పుడల్లా ఉద్యోగభాషలో పరిహాసమాడేవాడు. "అక్కా, మీ ముసలాయన కాడ కాయితం లేదు, సీటు లేదు, వితౌట్ టికెట్. నా డ్యూటీల దొరికితె ముందటి స్టేషన్ల దించుత." కోడి బొక్క అయి ఉంటుందనేవాడు, మేక బొక్క అయి ఉంటుందనేవాడు. నాయనమ్మ చాలాకాలం పలకలేదు. ఒకసారి మాత్రం నడిమి గదిలోంచి, బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టకుండానే అన్నది. "ఆయన ఊరూరు నడిచిన నాడు మీ రైలే పుట్టలే బిడ్డా. టికెట్ యాడికెల్లి తెస్తడు?" బాపు షెడ్డులో ఈ మాట చెప్పి వారం రోజులు మంది ఇప్పించిన చాయ్‌లు తాగాడు.

ఇంటర్ చదివే రోజుల్లో నాకు ప్రతి మంగళవారం నోటి పుండ్లు లేచేవి. అంతోని వారు తాత కాదని అప్పటికి తెలిసింది, ఆ తెలివితో పాటు సిగ్గు కూడా వచ్చింది. ముద్దు పెట్టుకోవాల్సి వస్తుందని పెదవి పట్టుకుని మూలిగేవాణ్ని. నాయనమ్మ నమ్మినట్టే ఉండి, డబ్బీని నా చెంపకు ఆనించి, అదే పుండ్లకు మందని చెప్పి తుడిచేది. రొట్టె మాత్రం ఇచ్చేది కాదు. పుండ్లున్నోడు రొట్టె ఎట్లా నములుతాడని. రెండు నెలల్లో నా రోగం కుదిరింది.

అక్క పెళ్లి కుదిరినప్పుడు అసలు పేచీ వచ్చింది. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లి పొద్దున చర్చికి బయల్దేరే ముందు పెళ్లికూతురు పెద్దాయనకు ముద్దు పెట్టుకుని, ఆయన దగ్గర సెలవు తీసుకోవాలి. బాపు చెల్లెళ్లందరూ అలాగే గడప దాటారు. ఇంకో ఆచారం రెండు వైపులా ఉన్నదే. మేనమామ చీర తేవాలి, పిల్లను చేయి పట్టుకుని ఇంట్లోంచి బయటికి తీసుకురావాలి. మేనమామ లేని పెళ్లంటే తల్లికి పుట్టిల్లు లేదని ఊరంతా చాటినట్టు. మామ కబురు పంపాడు. చీర తెస్తాడట, చేయి పట్టుకుంటాడట, ఈసారి తన భార్యను, చెల్లెళ్లను కూడా తీసుకొస్తాడట. అమ్మ ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్న మాట అది. కాకపోతే ఆ పూట ఆ బొక్క బయటికి రాకూడదు. సందూకలో పెట్టి తాళం వేయాలి. ఒక్క పూటే కదా అన్నాడు.

బాపు మెత్తబడ్డాడు. ఒక్క పూట లోపల ఉంటే పునీతుడు అలుగుతాడా, అలిగితే పునీతుడేంది అని ఆయన వాదం. నేనూ అదే అన్నాను. నాకు అప్పుడే కొత్తగా న్యాయం తెలిసింది. అందరం నాయనమ్మ వైపు చూశాం. యుద్ధం చేస్తుందనుకున్నాం. ఆమె డబ్బా తీసి అమ్మ ఒళ్లో పెట్టి, "నీ తమ్ముడు, నీ బిడ్డ. నువ్వే జెప్పు," అని వంటింట్లోకి పోయింది. పోయి తలుపు చాటున నిలబడింది, ఆ సంగతి ఆమె కాలి కడియం చెప్పింది.

అమ్మ ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడినట్టు నాకు గుర్తులేదు. మంగళవారాల్లో అందరితోపాటు ముద్దు పెట్టుకునేది గానీ, నమ్మి పెట్టుకుంటుందో, అత్త కోసం పెట్టుకుంటుందో ఎవరూ అడగలేదు. ఆ రోజు డబ్బా మూత తెరవకుండా, దాని మీద చేయి వేసి కూర్చుని చెప్పింది. తను కొత్తకోడలుగా వచ్చిన నాడు గూడు చూసి భయపడిందట. నాయనమ్మ డబ్బీ తెచ్చి చేతిలో పెట్టి, ముద్దు వెట్టకున్నా పరవాలేదు, జరసేపు పట్టుకో, అన్నదట. ఆ రాత్రంతా పట్టుకునే కూర్చున్నదట.

"నా పెండ్లికి మా ఇంటోళ్లు ఒక్కలు రాలే," అన్నది. "ఆ దినం నాపొంటి ఉన్నది ఈయనే. ఇయ్యాల ఈయనను సందూకల వెడితె, నా బిడ్డ పెండ్లికి నేనే రానట్టు."

బాపు దస్తీతో ముఖం తుడుచుకున్నాడు. వంటింట్లో కడియం పొయ్యి వైపు నడిచింది.

పెళ్లి పొద్దున మామ ఒక్కడే వచ్చాడు. భార్యను తేలేదు, చెల్లెళ్లను తేలేదు. చంకలో చీర పొట్లంతో గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపల అమ్మ ఎవరూ అనుకోని పని చేసింది. గూటి దగ్గర జరగాల్సిన దాన్ని ముందు గదిలోకి తెచ్చింది. మామ చాయ్ తాగే బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, డబ్బీ పెట్టి, వాకిలి తలుపులు రెండూ బార్లా తెరిచింది. గేటు నుంచి అంతా కనబడుతుంది. ముందు నేను, చిన్నవాణ్ని కాబట్టి. ఆ రోజు నాకు నోటి పుండ్లు లేవు. తర్వాత అక్క. పూల జడ ముందుకు పడకుండా రాజవ్వ పట్టుకుంది. తర్వాత బాపు, నాయనమ్మ. ఆఖరున అమ్మ, తమ్ముడి కళ్లలోకి చూసుకుంటూ. వరుస మారినా నాయనమ్మ, అమ్మ తర్వాత అద్దం తుడవలేదు.

అప్పుడు అమ్మ గేటు దాకా నడిచి వెళ్లి చెప్పింది. "తమ్మీ, లోపటికొస్తె చాయ్ ఉన్నది. రాకుంటె చీరె ఇచ్చి గుడికాడికి నడు, వస్తన్నం."

మామ చీర ఇచ్చాడు. లోపలికి రాలేదు. చర్చిలో ఆఖరి వరుసలో నిలబడ్డాడు, భోజనాల్లో మాంసం కూర బాగుందని రెండోసారి వేయించుకున్నాడు, అక్క అత్తారింటికి పోయేటప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. ఇంట్లోంచి అక్క చేయి పట్టుకుని తెచ్చింది అమ్మ. తల్లి తీసుకురావడం మా బంధువుల్లో అదే మొదలు. ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు, ఎందుకో వాళ్లకు తెలియదు.

నాయనమ్మ, బాపు, అమ్మ వరుసగా వెళ్లిపోయారు. డబ్బీ నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు మేముండేది హనుమకొండలో అపార్ట్‌మెంట్. గోడలో గూడు తొలిపించబోతే బిల్డర్ లబోదిబోమన్నాడు, గోడ అవతల పక్కవాళ్ల టీవీ ఉందట. గూటికి బదులు చిన్న గదిని దేవుని అర్ర చేసి, అందులో చెక్క అర పెట్టించాను. కాలం ఎంత మారిందంటే, ఈ మధ్య వేరే దేశం నుంచి ఒక పునీతుని అవశేషం ఊరేగింపుగా వస్తే, దారి పొడవునా లైట్లు, పెద్ద తెరలు, ఎత్తి పట్టిన ఫోన్లు. మా మనవరాలు భుజాల మీదకెక్కినా పెట్టె కనబడలేదు, ముందువాడి ఫోన్‌లో చూసి మొక్కుకుంది. నాకు కోపం రాలేదు. అంతమందికి ఆశ ఉందంటే మంచిదే. కానీ ఆయన వెళ్లిపోతాడు, తలుపులు మూసిన బండిలో. మా ముసలాయన ఎక్కడికీ పోడు. మా ఇంట్లో ఆయనతో పోట్లాడొచ్చు.

కరోనా తర్వాత ముద్దులు వద్దు, తల వంచితే చాలు అంటున్నారు. మా కోడలు నర్సు, అద్దానికి శానిటైజర్ కొట్టింది. లక్క ముద్ర దగ్గర కొట్టకు తల్లీ అని మాత్రం బతిమాలుకున్నాను. ముద్దు మానలేదు. మా విచారణ గురువు, అంటే మా చర్చి సామి, కొత్తగా వచ్చిన కుర్రవాడు, మర్యాదస్తుడు. నేను డబ్బీని అంతోని వారి పండక్కి చర్చిలో పెట్టమని తీసుకెళ్తే, దీనికి పత్రం ఉందా అని అడిగాడు. విచారణ అన్నాక విచారించాలి కదా. మేక సంగతి చెప్పాను. నవ్వాపుకుని, పత్రం లేనిది చర్చిలో ప్రజల ముందు పెట్టడానికి నియమం ఒప్పుకోదన్నాడు. ఆయన చెప్పింది సరైనదే. నేను సరే అని డబ్బీ జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను. మేనల్లుడొకడు ఇంకో మెట్టెక్కి, ఈ రోజుల్లో పరీక్షలున్నాయి మామయ్యా, మనిషి ఎముకో కాదో, ఎన్నేళ్లదో చెప్పేస్తారు అన్నాడు. చెప్పాక ఏం చేస్తావురా అని అడిగాను.

ఇది అంతోని వారిదో కాదో నాకు తెలియదు. తెలుసుకోను. ఎవరైనా తెలియజెప్పబోతే వినను. గత్తర రోగుల నొసళ్లను తాకిన అద్దం ఇది. మా నాయనమ్మ తిట్లన్నీ విన్న డబ్బీ ఇది. కొత్తకోడలు ఒక రాత్రంతా గుప్పిట్లో పెట్టుకున్న ఇత్తడి ఇది. ఆ మూడింటికీ నేనే సాక్షిని, నాకూ టికెట్ లేదు, ఎవరు దించుతారో దించమనండి.

మామ మాత్రం చివరిదాకా దించుతూనే ఉన్నాడు. మంచంలో ఉండి, మాట ముద్దగా వస్తున్న రోజుల్లో కూడా నన్ను చూడగానే, "మీ వితౌట్ ఎట్లున్నడురా," అనేవాడు. ఉన్నాడు మామా, సీట్లోనే ఉన్నాడు, అనేవాణ్ని. చనిపోయినవాళ్ల కోసం మేం చేసే ప్రార్థనలన్నా ఆయనకు పడేది కాదు. పోయినోని బండి పోయింది, ప్లాట్‌ఫారం మీద నిలబడి చేయి ఊపితే వాపస్ వస్తదా అనేవాడు.

ఆయన జ్ఞాపకార్థ కూటం అయ్యాక, వాళ్ల కొడుకు సుధాకర్ మమ్మల్ని కొంతమందిని లోపలికి పిలిచాడు. మంచం మీద తండ్రి వస్తువులన్నీ పరిచి ఉన్నాయి, ఎవరికి ఏది కావాలో తీసుకోమన్నాడు. నల్లకోటును మామ మనవరాలు ముక్కుకు ఆనించుకుని నిలబడింది. దాన్ని ఉతికిద్దామని ఎవరో అంటే సుధాకర్ భార్య ఒప్పుకోలేదు. "ఉతుకొద్దు. ఉతికితె మామయ్య వాసన పోతది," అన్నది. డోర్నకల్ నుంచి వచ్చిన పెద్దలందరూ ఒకరి తర్వాత ఒకరు ఆ కోటు చేతిని కళ్లకద్దుకున్నారు. నాకు బిరుదు గుర్తుచేసిన ముసలాయన కూడా. నోరు మెదపకుండా ఉండటానికి ఎంత బలం కావాలో అప్పుడు తెలిసింది. నా వంతు వచ్చినప్పుడు, ఒక మూలనున్న ఇనుప కత్తెర అడిగాను. టికెట్లకు చిల్లు పెట్టేది, పిడి దగ్గర ఆయన బొటనవేలు పడి పడి నున్నగా మెరుస్తోంది.

"గిదేం జేసుకుంటవ్ బావా? రైల్వేకు వాపస్ ఇయ్యాల్సింది, డాడీ దాసుకున్నడు," అన్నాడు సుధాకర్.

ఇంట్లో పెట్టుకుంటానన్నాను. ఎక్కడ అని వాడు అడగలేదు.

తెచ్చి, నూనె గుడ్డతో తుడిచి, చెక్క అరలో అంతోని వారి పక్కన పెట్టాను. మా ఆవిడ గుండె మీద చేయి వేసుకుంది. ఎన్నడూ గడప దాటని మనిషి, ఆయన ఆత్మ ఊరుకుంటుందా అన్నది. ఊరుకోకూడదనే పెట్టానన్నాను. ఇప్పుడు ప్రతి మంగళవారం జపాలయ్యాక, డబ్బీకి ముద్దులయ్యాక, సామ్యేలు మామ ఆత్మశాంతి కోసం అదనంగా ఒక ప్రార్థన, ఒక కొవ్వొత్తి. ఆయనకు పడని రెండు పనులూ ఆయన పేరుతోనే. ఇంత వయసొచ్చి ఇదేం పగ అంటారేమో. నాకు దొరికింది ఇదే.

పోయిన మంగళవారం సుధాకర్ ఏదో పని మీద ఇటు వచ్చి, చెప్పకుండా ఇంటికి వచ్చాడు. రొట్టెలు పంచుతున్నాం. వాడు చెప్పులు విప్పి, వాళ్ల నాన్న లాగే ముందు గదిలో కూర్చోబోయి, తెరిచి ఉన్న తలుపులోంచి కొవ్వొత్తి వెలుగులో ఆ ఇనుప కత్తెరను చూశాడు. గడప దాకా వచ్చి ఆగాడు. తర్వాత లోపలికి వచ్చాడు. కత్తెర తీసుకుని కళ్లకద్దుకుని, ఎక్కడినుంచి తీశాడో అక్కడే, డబ్బీకి ఆనుకునేలా పెట్టాడు.

"డాడీ ఎన్నడన్న మీ దేవుని అర్రలకు వచ్చిండా బావా?" అన్నాడు.

"రాలె," అన్నాను. "గిప్పుడొచ్చిండు. ఇగ పోడు."